8700కె ప్రాసెసర్ మూత తీయించవచ్చా? ఎండాకాలంలో 98 డిగ్రీలకు చేరుతోంది

నాగావళి_తీరం
నేను రాయగడలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. వాడుతున్నది ఇంటెల్ ఐ7-8700కె, జెడ్370 బోర్డు, రెండు ఫ్యాన్ల టవర్ కూలర్. చలికాలంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఏప్రిల్ దాటి గదిలోనే 37, 38 డిగ్రీలు ఉంటున్న రోజుల్లో మాత్రం పెద్ద ఫైలు రెండరింగ్‌కు పెడితే కోర్లు 98 డిగ్రీలకు చేరుతున్నాయి, ఆ తరువాత వేగం దానంతటదే పడిపోతోంది. కూలర్ విప్పి దుమ్ము దులిపాను, థర్మల్ పేస్ట్ (చిప్ నుంచి కూలర్‌కు వేడిని దాటించే పూత) మార్చాను, చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కోర్లు అంతగా కాగిపోతున్న సమయంలో కూడా కూలర్ అడుగున ఉన్న రాగి గొట్టాలు చేతికి గోరువెచ్చగానే తగులుతున్నాయి, అది నాకు అంతుపట్టడం లేదు. ప్రాసెసర్ పైనున్న లోహపు మూతను ఊడదీసి లోపల లిక్విడ్ మెటల్ (మామూలు వేడికే ద్రవంగా ఉండే లోహ మిశ్రమం) రాస్తే వేడి బాగా తగ్గుతుందని చాలాచోట్ల చదివాను. ఇది నాకు అన్నం పెడుతున్న యంత్రం కాబట్టి, స్వయంగా చేసి చూసినవారు చెబితే మేలు.

బరంపురం_బైట్స్
మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. కోర్లు 98 దగ్గర ఉండి గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయంటే వేడి అసలు కూలర్ దాకా రావడం లేదన్నమాట. కూలర్‌ను మళ్లీ బిగించి, పేస్ట్ మార్చి చూశారు కాబట్టి అడ్డు మూత లోపలే ఉంది.

ఇంటెల్ 2011 నాటి శాండీ బ్రిడ్జ్ చిప్‌లలో డైకి (లెక్కలు చేసే అసలు సిలికాన్ ముక్కకు), మూతకు మధ్య సోల్డర్ (కరిగించి అతికించే లోహం) వేసింది. 2012లో ఐవీ బ్రిడ్జ్ వచ్చినప్పుడు, అంటే 3770కె నుంచి, సోల్డర్ మాని పేస్ట్ పెట్టడం మొదలుపెట్టింది. 4770కె, 6700కె, 7700కె, 2017 అక్టోబరులో వచ్చిన మీ 8700కె అన్నీ ఆ కోవలోనివే. 2018లో 9900కెతో మళ్లీ సోల్డర్‌కు వెళ్లింది. మూత తీయడం వల్ల నిజంగా లాభం కనిపించే చిప్‌లలో మీది ఒకటి.

గుణుపురం_కుర్రాడు
నా 7700కె మూతను మా కాలేజీ ల్యాబ్‌లోని 3డి ప్రింటర్ మీద చేసుకున్న పరికరంతో తీశాను. అదే కూలర్, అదే వేగం, అదే వోల్టేజి. 91 దగ్గర నడిచేది 73కు దిగింది. సందేహించవలసిన పని లేదు.

కొరాపుట్_కాఫీ
సందేహించవలసిన పని చాలా ఉంది. గుణుపురం తమ్ముడి చిప్ పోతే ఆటలు కొన్నాళ్లు ఆగుతాయి, నాగావళి గారి చిప్ పోతే ఒప్పుకున్న పెళ్లిళ్లు ఆగుతాయి. కత్తి పట్టే ముందు బయాస్ (మదర్‌బోర్డు అమరికల తెర) లోకి వెళ్లి ఒక సంగతి చూడండి. జెడ్370 బోర్డుల్లో చాలావాటికి మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ అనే అమరిక కొన్ననాడే ఆన్ చేసి ఉంటుంది. ఇంటెల్ లెక్క ప్రకారం 8700కె ఆరు కోర్లూ పనిచేస్తున్నప్పుడు 4.3 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఆగాలి. 4.7 అన్నది ఒక్క కోరు పనిచేసేటప్పటి వేగం. ఈ అమరిక ఆరింటినీ 4.7కు తీసుకుపోతుంది, దానికి సరిపడా బోర్డు తన ఇష్టం వచ్చినంత వోల్టేజి కూడా ఇస్తుంది. ముందు దాన్ని ఆపి, ఫలితం ఇక్కడ రాయండి.

నాగావళి_తీరం
కొరాపుట్ గారు చెప్పినట్లే అది ఆన్‌లో ఉంది. ఆరు కోర్లూ 4.7 వద్ద 1.36 వోల్టులతో నడుస్తున్నాయి. దాన్ని ఆపి, వోల్టేజిని చేతితో 1.20కి దించాను. అదే ఫైలు, అదే గది, గరిష్ఠం 84 డిగ్రీలు. యంత్రం స్థిరంగానే ఉంది.

కొరాపుట్_కాఫీ
చూశారా, స్క్రూ విప్పకుండానే పని జరిగింది. ప్రాసెసర్ తినే విద్యుత్తు వేగంతో నేరుగా, వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. 1.36 నుంచి 1.20కి, 4.7 నుంచి 4.3కి దిగినప్పుడు దాదాపు 29 శాతం విద్యుత్తు తగ్గింది. దానికి మీరు చెల్లించిన మూల్యం గంట రెండరింగ్‌కు అదనంగా అయిదారు నిమిషాలు.

గుణుపురం_కుర్రాడు
ఆ అయిదారు నిమిషాలనే కదా ఆయన వదులుకోనక్కరలేదని నేను అంటున్నది. 38 డిగ్రీల గదిలో 84 అంటే ఇంకా ఎక్కువే, లోపలి అడ్డు అలాగే ఉంది. కొరాపుట్ గారి సలహా వేడిని పుట్టకుండా ఆపింది, పుట్టిన వేడికి దారి మాత్రం ఇవ్వలేదు.

వంశధార_ఒడ్డు
నాకు ఒక విషయం అర్థం కావడం లేదు. మూత లోపల ఉండేది కాగితమంత పలుచని పేస్ట్ పొర. అంతటి పొరను మార్చితే 18 డిగ్రీల తేడా ఎలా వస్తుంది? అక్కడ కూడా మంచి కంపెనీ పేస్ట్ రాస్తే సరిపోదా?

బరంపురం_బైట్స్
లెక్క వేసి చూద్దాం. ఒక పొరకు అటూ ఇటూ ఉండే ఉష్ణోగ్రతల తేడా, దాని గుండా పోయే వాట్లను పొర మందంతో గుణించి, పదార్థపు ఉష్ణవాహకత, వైశాల్యం అనే రెంటి లబ్ధంతో భాగిస్తే వస్తుంది. 8700కె డై వైశాల్యం సుమారు 150 చదరపు మిల్లీమీటర్లు. 120 వాట్లు పోతున్నాయనుకుందాం. పేస్ట్ ఉష్ణవాహకత 5 (మీటరుకు, డిగ్రీకి వాట్లలో), మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే తేడా 16 డిగ్రీలు వస్తుంది. అదే చోట లిక్విడ్ మెటల్ ఉండి, మందం 0.03 మిల్లీమీటరు, వాహకత 20 అనుకుంటే 1.2 డిగ్రీలు. అమ్మేవారు డబ్బా మీద 73 అని కూడా వేసుకుంటారు, నేను కావాలనే తక్కువ తీసుకున్నాను.

మూతకూ కూలర్‌కూ మధ్య ఉన్న పేస్ట్ ఇంత బాధ పెట్టకపోవడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. మూత వైశాల్యం డైకి ఎన్నో రెట్లు, కాబట్టి అదే వేడి అక్కడ విశాలంగా పరుచుకుని పోతుంది. లోపల మాత్రం అంతా గోరంత చోటునుంచే బయటికి రావాలి. కూలర్ ఎంత పెద్దది కొన్నా, వంతెన ఇరుకుగా ఉండగా రోడ్డును వెడల్పు చేసినట్లే అవుతుంది.

మహేంద్రగిరి
బరంపురం గారి లెక్కకు రెండు సవరణలు. మొదటిది, డైలో ఒక భాగం గ్రాఫిక్స్‌ది. రెండరింగ్ అంతా కోర్ల మీదే పడితే ఆ భాగం చల్లగా ఊరకే ఉంటుంది, అంటే వేడి వచ్చే చోటు 150 కంటే తక్కువే, తేడా 16 కంటే ఎక్కువే.

రెండవది, అసలైనది. తప్పంతా ఇంటెల్ పేస్ట్‌దే అనుకోవడం న్యాయం కాదు. మూతను చుట్టూ అంటించిన నల్లని సిలికోన్ జిగురును చూడండి. ఆ జిగురు పొర మందంగా ఉండటం వల్ల మూత డై మీద పూర్తిగా కూర్చోక, కాస్త ఎత్తులో నిలబడిపోతుంది. ఆ ఖాళీని నింపడానికి పేస్ట్ మందంగా ఉండక తప్పదు. లెక్కలో మందంతో గుణిస్తున్నామని గమనించండి, అది సగమైతే తేడా కూడా సగమవుతుంది. పాత జిగురు అంతా గీకేసి, లోపల మామూలు మంచి పేస్ట్ రాసినా చాలావరకు లాభం వస్తుంది. జిగురు అలాగే ఉంచి ఖరీదైన లిక్విడ్ మెటల్ పోసినవారికి అనుకున్నంత రాలేదు.

వంశధార గారి రెండో ప్రశ్నకు జవాబు: మామూలు పేస్ట్ మొదట బాగానే పనిచేస్తుంది కాని, చిప్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ డై, మూత వేరువేరు కొలతల్లో వ్యాకోచించడం వల్ల పేస్ట్ మెల్లగా అంచులకు నెట్టుకుపోతుంది. లోపల ఒకసారి మూసిన తరువాత మాటిమాటికీ తెరవలేము, అందుకే అక్కడ లిక్విడ్ మెటల్.

సిరోంచ_సంగమం
మాది మహారాష్ట్ర వైపు గడ్చిరోలి జిల్లా, ఎండ సంగతి మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నా 6700కెను మూత తీయించడానికి నగరంలో ఒక దుకాణానికి ఇచ్చాను. అక్కడి కుర్రవాడు గడ్డం గీసుకునే బ్లేడును ఒక మూలనుంచి దూర్చి చుట్టూ తిప్పాడు. మూత వచ్చింది, దానితోపాటు కింది ఆకుపచ్చ పలక మీద సన్నని గీత కూడా పడింది. బోర్డులో పెడితే రెండు మెమరీ స్లాట్లలో ఒకటి కనిపించలేదు. దుకాణం వారు అది ముందునుంచీ ఉన్న లోపమే అని చేతులు దులుపుకున్నారు. ఎవరికైనా ఇచ్చేటట్లయితే ముందు మీ ఎదుటే యంత్రం నడిపి, అన్నీ పనిచేస్తున్నట్లు చూపించి, ఆ తరువాతే ఇవ్వండి.

మహేంద్రగిరి
మీ 6700కె తరమైన స్కైలేక్‌లో ఆ పలక అంతకుముందు తరాల కంటే పలుచన, దాని పైపొరకు కొద్ది దిగువనే రాగి తీగలు ఉంటాయి. బ్లేడు పద్ధతి ఏ చిప్‌కూ మంచిది కాదు, దానికి అసలే కాదు.

పర్లాకిమిడి_పాతకాపు
ఇంటర్నెట్ సెంటర్ నడిపిన రోజులనుంచి ఈ చిప్‌లు చూస్తున్నాను కాబట్టి ఒక మాట. అసలు ఒకప్పుడు వీటికి మూతే లేదు. పెంటియం 3 కాపర్‌మైన్, అథ్లాన్ థండర్‌బర్డ్, అథ్లాన్ ఎక్స్‌పీ అన్నీ డై బయటికి కనిపిస్తూ వచ్చినవే. కూలర్ క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో నొక్కి బిగించేటప్పుడు కూలర్ ఒక వైపు ఒరిగితే డై మూల పెచ్చు ఊడిపోయేది, కొన్ని ఆ దెబ్బతోనే చచ్చిపోయేవి. 2000లో పెంటియం 4తో, 2003లో అథ్లాన్ 64తో మూత వచ్చింది. వేడిని పరచడం దాని పనుల్లో ఒకటి మాత్రమే, మీ చేతినుంచి డైని కాపాడటం రెండోది. మూత తీసేసి నేరుగా డై మీదే కూలర్ పెడతామనేవారు ఈ రెండో పనిని మరచిపోకూడదు.

గుణుపురం_కుర్రాడు
నేను మూతను మళ్లీ పెట్టేశాను. నేరుగా పెట్టాలంటే సాకెట్ (బోర్డులో చిప్ కూర్చునే చోటు) మీది బిగింపు చట్రం కూడా తీసేయాలి, లేకపోతే కూలర్ అడుగు డైని తాకదు. దానికోసం వేరే ఫ్రేమ్ కొనాలి. మూత తిరిగి పెట్టినప్పటికంటే నేరుగా పెడితే అదనంగా తగ్గేది కొద్ది డిగ్రీలే, ఆ కొద్దికోసం డై మూలలను పణంగా పెట్టడం నాకు నచ్చలేదు.

వంశధార_ఒడ్డు
అయితే నా ల్యాప్‌టాప్‌కు కూడా ఇలా చేయించవచ్చా?

బరంపురం_బైట్స్
ల్యాప్‌టాప్ చిప్‌లకు మూత ఉండదు, అవి ఇప్పటికీ పాతకాపు గారి కాలంలోలాగే డై బయటికి ఉండి వస్తాయి. కాబట్టి తీయడానికి ఏమీ లేదు. 2020లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 5లో చిప్ మీద కంపెనీయే లిక్విడ్ మెటల్ వేసి పంపుతోంది, అది అంచులు దాటి కారకుండా చుట్టూ కట్టుదిట్టం కూడా చేసింది. అలాంటి కట్ట లేని ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని బస్సుల్లో తిరిగేవారికి నేను పేస్ట్‌నే సిఫారసు చేస్తాను.

గోపాలపురం_గాలి
లిక్విడ్ మెటల్ మీద ఇంత చర్చ జరిగింది కాని అతి ముఖ్యమైన జాగ్రత్త ఎవరూ రాయలేదు. అది గాలియం, ఇండియం, టిన్ కలిసిన మిశ్రమం. గాలియం అల్యూమినియంలోకి చొచ్చుకుపోయి దాన్ని పొడిపొడిగా రాలిపోయేలా చేస్తుంది. చవక కూలర్ల అడుగు అల్యూమినియందే. కొన్ని టవర్ కూలర్లలో రాగి గొట్టాలు నేరుగా తగులుతున్నట్లు కనిపించినా, వాటి మధ్య పట్టీలు అల్యూమినియంవే. నాగావళి గారు దాన్ని మూత లోపల మాత్రమే వాడాలి. మూత పైన, కూలర్ కింద మామూలు పేస్ట్ చాలు. ప్రాసెసర్ మూత రాగిది, పైన నికెల్ పూత ఉంటుంది, దానికి ప్రమాదం లేదు. పూత లేని ఒట్టి రాగి అయితే గాలియాన్ని కొంత పీల్చుకుని తెల్లబడుతుంది, అప్పుడు మళ్లీ ఒకసారి రాయవలసి వస్తుంది.

ఇది విద్యుత్తును కూడా ప్రసరింపజేస్తుంది. ఒక్క చుక్క జారి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

నాగావళి_తీరం
అందరికీ కృతజ్ఞతలు. సీజన్ ముగిసేదాకా 4.3 మీదే నడిపి, ఆ తరువాత చేయిస్తాను. గుణుపురం మన జిల్లాయే కాబట్టి తమ్ముడు ఒకసారి రాయగడ వచ్చినప్పుడు నా ఎదుటే చేయగలడా? విధానం కూడా ఇక్కడ రాస్తే ముందుగా సామాను తెచ్చిపెట్టుకుంటాను.

గుణుపురం_కుర్రాడు
తప్పకుండా వస్తాను. మీరు తెచ్చిపెట్టవలసినవి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, వేడిని తట్టుకునే సిలికోన్ జిగురు ట్యూబు, నెయిల్ పాలిష్, గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి. మిగతావి నా దగ్గర ఉన్నాయి.

పరికరం రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి ఆకుపచ్చ పలకను పట్టుకుంటుంది, రెండోది మూతను పక్కకు నెడుతుంది. దాన్ని బెంచ్ వైస్‌లో పెట్టి మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట టప్పుమని శబ్దం వస్తుంది. అది జిగురు తెగిన చప్పుడు, కంగారు పడకూడదు, అక్కడే ఆగిపోవాలి. మూత ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది, ఇక చేతితో ఎత్తవచ్చు. నెట్టడం పలకకు సమాంతరంగా జరుగుతుంది కాబట్టి డై మీద బరువు పడదు.

ఆ తరువాతి పనే ఓపికతో చేయవలసింది. నల్ల జిగురును పలక మీదనుంచి ఏటీఎం కార్డు అంచుతో గీకాలి, లోహపు వస్తువు ఏదీ తాకించకూడదు. మూత అంచుకు ఉన్నదాన్ని కూడా పూర్తిగా తీయాలి, ఇక్కడ బద్ధకిస్తే మహేంద్రగిరి గారు చెప్పిన ఖాళీ మళ్లీ మిగిలిపోతుంది. డై పక్కన కనిపించే చిన్న లోహపు బిందువుల మీద నెయిల్ పాలిష్ పూసి ఆరనివ్వాలి. లిక్విడ్ మెటల్ ఆవగింజంత చుక్క చాలు. మొదట అది పాదరసంలాగా గుండుగా దొర్లుతుంది, ఎక్కడా అంటదు. దూది పుల్లతో నొక్కి రుద్దుతూ ఉంటే ఒక్కసారిగా పట్టుకుని, డై అంతా అద్దంలా మెరుస్తుంది. మూత లోపలి వైపు కూడా డై తగిలే మేరకు అంతే పలుచగా రుద్దాలి. చివరగా నాలుగు మూలల్లో సిలికోన్ చుక్కలు పెట్టి, మూత దించి, రాత్రంతా బిగించి ఉంచాలి.

వంశధార_ఒడ్డు
నెయిల్ పాలిష్ ఏ రంగుదైనా ఫరవాలేదా?

గుణుపురం_కుర్రాడు
రంగు లేనిదే మంచిది, అడుగున బిందువులు పూర్తిగా కప్పబడ్డాయో లేదో కంటికి కనిపించాలి.

మహేంద్రగిరి
సిలికోన్‌ను నాలుగు మూలల్లోనే పెట్టమన్న మాట ముఖ్యం. చుట్టూ గాలి చొరకుండా మూసేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించడానికి దారి ఉండదు. కంపెనీ జిగురులో కూడా ఒక చోట సందు వదిలి ఉండటం మీరే చూస్తారు. హాస్వెల్ (4770కె తరం) చిప్ చేసేవారికి ఇంకో మాట: వాటిలో వోల్టేజి నియంత్రణ చిప్‌లోకే తెచ్చారు కాబట్టి డై పక్కన చిన్న చిన్న భాగాలు నిలబడి ఉంటాయి, మూతను వాటివైపు నెట్టకూడదు.

కొరాపుట్_కాఫీ
నేను ఇప్పటికీ ఇది అందరికీ చెప్పదగిన పని కాదనే అంటాను. అయితే ఈ చిప్ మూడేళ్ల వారంటీ ఎప్పుడో ముగిసింది, సీజన్ కాని రోజుల్లో చేస్తున్నారు, చేసేవాడికి అనుభవం ఉంది. ఈ మూడూ కుదిరినప్పుడు అభ్యంతరం పెట్టను. ఇంకొకటి, మీ 8700కెలో క్విక్‌సింక్ (వీడియో ఎన్‌కోడింగ్‌కు ఇంటెల్ పెట్టిన సదుపాయం) ఉంది. కస్టమర్‌కు ముందుగా చూపించే నమూనా ఫైళ్లను దానితో ఎగుమతి చేస్తే ఎన్‌కోడింగ్ భారం కోర్లనుంచి గ్రాఫిక్స్ భాగానికి పోతుంది.

సిరోంచ_సంగమం
ఎండాకాలపు జాగ్రత్త ఒకటి. గది ఒక డిగ్రీ పెరిగితే కోరు కూడా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది, మూత తీసినా ఆ నియమం మారదు. అలాగని గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టేలా పెట్టకండి. మా వైపు అలా పెట్టినవారి బోర్డుల మీద తేమ, దుమ్ము కలిసి బురద పొరలా పేరుకున్నాయి.

నాగావళి_తీరం
తమ్ముడు వచ్చి చేసి వెళ్లాడు. ఆరు కోర్లు 4.7 వద్ద, 1.28 వోల్టులతో, గది 37 ఉండగా గరిష్ఠం 76. మునుపు 1.36 కంటే తగ్గిస్తే 4.7 వద్ద యంత్రం నిలిచేది కాదు, ఇప్పుడు 1.28కే నిలుస్తోంది, ఇది నేను ఎదురుచూడనిది. కూలర్ గొట్టాలు ఇప్పుడు చేతికి బాగా వేడిగా తగులుతున్నాయి.

బరంపురం_బైట్స్
దానికి కారణం ఉంది. సిలికాన్ చల్లగా ఉన్నప్పుడు అదే వేగానికి తక్కువ వోల్టేజి సరిపోతుంది, లీకేజి కరెంటు (పని లేకుండానే కారిపోయే విద్యుత్తు) కూడా తగ్గుతుంది. వోల్టేజి తగ్గడంతో వేడి ఇంకా తగ్గుతుంది. 5.0 ప్రయత్నించాలనిపిస్తే ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ (ఏవీఎక్స్ అనే బరువైన లెక్కల వేళ వేగాన్ని తగ్గించే అమరిక) 2 పెట్టి మొదలుపెట్టండి.

వంశధార_ఒడ్డు
ఇది చదివి మా బావ తన 12600కె, స్నేహితుడు తన రైజెన్ 7600ఎక్స్ మూతలు తీయిస్తామంటున్నారు. తీయించమనమంటారా?

మహేంద్రగిరి
వద్దనండి, రెండూ సోల్డర్ వేసినవే. పేస్ట్ చిప్‌లాగా పక్కకు నెడితే జిగురుతోపాటు సోల్డర్ కూడా తెగాలి, ఆ బలం డై మీదే పడుతుంది. సోల్డర్‌గా వాడే ఇండియం 156.6 డిగ్రీల దగ్గర గాని కరగదు, అంత వేడి పెట్టి తీసే ప్రత్యేక పరికరాలు, వాటిని వాడే చేతులు వేరే. 12600కె కోసం అయితే సాకెట్ బిగింపు చిప్‌ను నడుమ వంచుతుంది కాబట్టి ఆ బిగింపు బదులు ఒక కాంటాక్ట్ ఫ్రేమ్ (చిప్‌ను సమంగా నొక్కే చట్రం) వేస్తే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. రైజెన్ 7000 చిప్‌లకు పాత ఏఎం4 సాకెట్ కూలర్లు సరిపోవాలని మూతను మందంగా చేశారు. జర్మనీకి చెందిన ఓవర్‌క్లాకర్ (చిప్‌లను అదనపు వేగంతో నడిపే నిపుణుడు) డెర్‌బావర్ 2022లో 7900ఎక్స్ మూత తీసి, డై మీదే కూలర్ పెట్టి దాదాపు 20 డిగ్రీలు తగ్గించి చూపిన మాట నిజమే. కాని ఆ చిప్ 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా తయారైంది. మీ స్నేహితుడిని బయాస్‌లో ఎకో మోడ్ (విద్యుత్తుకు పరిమితి పెట్టే అమరిక) ఆన్ చేసి, వోల్టేజిని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో నెగెటివ్ 15తో మొదలుపెట్టి చూడమనండి.